కనపడకపోతే అడిగేదెవరు?

ఇంగ్లండ్‌లో లడ్లో అనే పాత సంత ఊళ్లో, రిటైరైనవాళ్ల ఫ్లాట్లలో కేర్ వర్కర్‌గా పనిచేస్తున్నా. ఇక్కడ ప్రతి గదిలో ఓ ఎర్ర తాడు వేలాడుతుంటుంది. పడిపోతే లాగాలి. హెల్ప్‌లైన్ వాళ్లు స్పీకర్‌లో పలుకుతారు.

నేను చూసుకునే ఆవిడకు 82 ఏళ్లు. పేరు పెట్టి పిలవమంటే, నాకు నోరు రావడానికి నెల పట్టింది! భర్త పోయాక పెద్ద ఇల్లు అమ్మేసి ఇక్కడికొచ్చారట.

సోమవారం వస్తే చాలు, చేసంచీతో సంతకు బయల్దేరతారు. 900 ఏళ్లు దాటిన కోట ముందు జరిగే సంత అది. కొనేది మాత్రం అర డజను గుడ్లే. "సూపర్‌మార్కెట్ వాళ్లు ఇంటికే తెచ్చిస్తారు కదా" అన్నానోసారి.

"తాడు నేను లాగితేనే పలుకుతుంది. ఒక్క వారం రాకపోతే, గుడ్లమ్మే ఆయన తనే అడుగుతాడు" అన్నారు.

డ్యూటీ దిగగానే విజయవాడలో ఒంటరిగా ఉంటున్న అమ్మకు ఫోన్ చేశా. ఇంట్లో సీసీ కెమెరా పెట్టించానని ఇన్నాళ్లూ ధీమాగా ఉన్నా.

"అమ్మా, నువ్వో రోజు కనపడకపోతే ముందు ఎవరడుగుతారు?"

అమ్మ ఆలోచించనైనా లేదు. "పాలబ్బాయి" అంది.

ఆ అబ్బాయిని మానిపించెయ్, పాలు యాప్‌లో బుక్ చేస్తానని పోయిన వారమే చెప్పాను. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.