ఉత్తుత్తి డాలర్లు, నిజం గొడవ

మా లీగ్‌లో ఒక్క రూపాయి కూడా చేతులు మారదు. స్టేడియం లేదు, టికెట్లు లేవు, టీవీ హక్కులు లేవు. పేరుకి ఐస్ హాకీ లీగే కానీ ఐస్ కూడా లేదు. అయినా పది రోజులుగా అక్కడ జీతాల మీద నడుస్తున్న గొడవ చూస్తుంటే, మా ఆఫీసులో అప్రైజల్ సీజనే నయం అనిపిస్తోంది.

ముందు ఈ సిమ్యులేషన్ హాకీ అంటే ఏంటో చెప్పాలి. లీగ్‌లో చేరిన ప్రతి ఒక్కరూ ఒక ప్లేయర్‌ని తయారు చేసుకుంటారు. పేరు, ఎత్తు, ఏ పొజిషన్‌లో ఆడాలి, అన్నీ మన ఇష్టం. వారం వారం చిన్న చిన్న పనులు చేస్తే ట్రైనింగ్ పాయింట్లు వస్తాయి. మ్యాచ్ రిపోర్ట్ రాయడం, టీమ్‌కి పోస్టర్ చెయ్యడం, క్విజ్‌కి జవాబులు చెప్పడం లాంటివి. ఆ పాయింట్లతో మన ప్లేయర్ స్కేటింగ్, షూటింగ్, పాసింగ్ పెంచుకోవాలి. కెనడాలో రాత్రి అయ్యేసరికి సాఫ్ట్‌వేర్ మ్యాచ్‌లు ఆడిస్తుంది. నేను పొద్దున చాయ్ తాగే టైమ్‌కి స్కోర్లు రెడీగా ఉంటాయి.

నేను పుట్టి పెరిగింది ఖమ్మంలో. మంచు మీద ఇంతవరకు కాలు పెట్టలేదు. కెనడా క్లయింట్ ప్రాజెక్టులో ఉన్నప్పుడు అవతలి టీమ్‌లో ఒకాయన సోమవారం కాల్‌లో పని కంటే ముందు హాకీ కబుర్లు చెప్పేవాడు. ఆయన పుణ్యమా అని ఇందులో చేరాను. మూడేళ్లయింది. గత ఏడాది నుంచి ఒక టీమ్‌కి జనరల్ మేనేజర్‌ని కూడా. ఎవరిని ఆడించాలి, ఎవరికి ఎంత కాంట్రాక్ట్ ఇవ్వాలి, ఎవరిని వేరే టీమ్‌కి పంపాలి అన్నీ జీఎం పనులే.

ఇక్కడో చిక్కుంది. స్క్రీన్ మీద ప్లేయర్ బొమ్మే, కానీ దాని వెనక మనిషి ఉన్నాడు. ప్రతి టీమ్‌కి ఒక చాట్ రూమ్ ఉంటుంది. ప్లేయర్‌ని ట్రేడ్ చేశామంటే ఆ మనిషి తన సామాన్లు సర్దుకుని ఆ రూమ్ లోంచి వెళ్లిపోవాలి.

క్యాప్ అంటే ఏంటి?

ఒక టీమ్ తన ప్లేయర్లందరికీ కలిపి ఇవ్వగలిగే జీతాలకి పై హద్దే శాలరీ క్యాప్. ఐపీఎల్ వేలంలో పర్స్ లాంటిది. అసలు హాకీలో, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో, ఇది ఊరికే రాలేదు. ఈ విషయం మీద ఓనర్లకీ ఆటగాళ్లకీ తేలక 2004-05 సీజన్ మొత్తం రద్దయింది. ఆ తర్వాత 2005-06లో 39 మిలియన్ డాలర్ల క్యాప్‌తో లీగ్ మళ్లీ మొదలైంది. లీగ్ ఆదాయం పెరిగితే క్యాప్ పెరుగుతుంది, ఎందుకంటే అందులో ఆటగాళ్లకీ వాటా ఉంటుంది.

మా లీగ్ ఆ పద్ధతినే కాపీ కొట్టింది. దానికి తోడు ఇంకో రూల్ పెట్టింది: ప్లేయర్ రేటింగ్ పెరిగేకొద్దీ అతనికి ఇవ్వాల్సిన కనీస జీతం కూడా పెరుగుతుంది. ఇష్టమున్నా లేకపోయినా అంతకంటే తక్కువకి సంతకం చెయ్యడానికి వీల్లేదు.

ఇప్పుడు వచ్చిన ప్రతిపాదన ఏంటంటే, వచ్చే సీజన్ నుంచి క్యాప్‌ని పది శాతం పెంచాలి. ఒక్కో జీఎంకి ఒక్కో ఓటు.

మా టీమ్ సంగతి

లెక్క సులువుగా ఉండటానికి ఇప్పుడున్న క్యాప్ 100 అనుకుందాం. వచ్చే సీజన్‌కి మా టీమ్ కనీస జీతాలన్నీ కలిపితే 106 అవుతోంది. క్యాప్ 110 అయితే అందరూ ఉంటారు. 100 దగ్గరే ఆగితే ఒక పెద్ద ప్లేయర్ వెళ్లాలి. ఎన్ని రకాలుగా తిప్పి చూసినా ఆ పేరు మా గోలీ దగ్గరే ఆగుతోంది.

మా గోలీ ఫిన్లాండ్‌లో బస్సు డ్రైవర్. మాకంటే రెండున్నర, మూడున్నర గంటలు వెనక. కెనడా వాళ్లంతా నిద్రపోయే టైమ్‌లో చాట్ రూమ్‌లో మేల్కొని ఉండేది మేమిద్దరమే. పోయినేడు మా నాన్నకి బైపాస్ అయినప్పుడు నేను ఆస్పత్రి కారిడార్‌లో కూర్చుని లైనప్‌లు సెట్ చేసేవాణ్ని. రోజూ తన షిఫ్ట్ బ్రేక్‌లో మెసేజ్ పెట్టేవాడు. హాకీ గురించి కాదు, నాన్న ఇవాళ ఏం తిన్నారు అని.

క్యాప్ సంగతి తెలిశాక అతను అన్నది ఒకటే మాట: "నా జీతం సున్నా చేసెయ్. అది నిజం డబ్బు కాదు కదా."

సరిగ్గా ఈ మాట మా రూమ్మేట్ కూడా అన్నాడు, వేరే టోన్‌లో. "లేని డబ్బుకి ఇంత పంచాయితీ ఏంట్రా? ఆ నంబర్ మార్చెయ్యండి, అయిపోద్ది."

నిజమే, డేటాబేస్‌లో ఒక ఫీల్డ్ అప్‌డేట్ చెయ్యడానికి పది సెకన్లు చాలు. కానీ డబ్బు ఉత్తుత్తిది కాబట్టే ఆ హద్దు ఇంకా ముఖ్యం అని నాకనిపిస్తోంది. నిజం డబ్బు దానంతట అదే అయిపోతుంది. ఉత్తుత్తి డబ్బు అయిపోవాలంటే ఎవరో ఒకరు ఇక్కడితో ఆపు అనాలి. కనీస జీతం రూల్ కూడా అందుకే. అది లేకపోతే బాగా కలిసిమెలిసి ఉండే ఒక గ్యాంగ్ అంతా సున్నా జీతానికి ఒకే టీమ్‌లో చేరిపోతుంది. మిగతా టీమ్‌లు ఏడాది పొడుగునా వాళ్ల చేతిలో తన్నులు తినాలి.

పెంచితే ఏమవుతుంది?

అసలు లీగ్‌నే చూద్దాం. 39 మిలియన్లతో మొదలైన ఎన్‌హెచ్‌ఎల్ క్యాప్ 2024-25కి 88 మిలియన్లయింది, 2025-26కి 95.5 మిలియన్లు. రెండింతలు దాటింది. మరి టీమ్‌లకి ఊపిరి ఆడుతోందా? ప్రతి వేసవిలోనూ క్యాప్ సరిపోక మంచి ప్లేయర్లని వదులుకునే టీమ్‌లు ఉంటూనే ఉన్నాయి. క్యాప్ రాబోయే సీజన్లలో 104, ఆ తర్వాత 113.5 మిలియన్లకి పోతుందని 2025 జనవరిలో ప్రకటించారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో మిన్నెసోటా వైల్డ్ ఆటగాడు కిరిల్ కప్రిజోవ్ ఎనిమిదేళ్లకి 136 మిలియన్ల కాంట్రాక్ట్ సంతకం చేశాడు. ఏడాదికి 17 మిలియన్లు. అంతకుముందు రికార్డు 14.

మన ఐపీఎల్‌లోనూ ఇంతే. పర్స్ 100 కోట్ల నుంచి 120 కోట్లకి పెరిగిన మెగా వేలంలోనే రిషభ్ పంత్ 27 కోట్లకి వెళ్లాడు. అంతకుముందు రికార్డు స్టార్క్ పేరు మీద 24.75 కోట్లు. జేబు పెద్దదైతే రేటు కూడా పెద్దదవుతుంది. హైదరాబాద్‌లో అద్దెలు కట్టేవాళ్లకి దీన్ని వేరే విడమరిచి చెప్పక్కర్లేదు.

మా లీగ్‌లో కూడా అంతే జరుగుతుంది. కనీస జీతం మాత్రమే ఫిక్స్, పైకి బేరం ఆడుకోవచ్చు. క్యాప్ 110 అని తెలిసిన రోజు నుంచి ప్రతి స్టార్ ప్లేయర్ పది శాతం ఎక్కువ అడుగుతాడు. రెండు సీజన్లు తిరిగేసరికి మళ్లీ ఇదే ఓటు, ఈసారి 121కి.

శనివారం కూర్చుని అన్ని టీమ్‌ల కాంట్రాక్టుల మీద ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్ నడిపించి చూశాను. అర్థమైంది ఏంటంటే, టేబుల్‌లో అడుగున ఉన్న టీమ్‌లకి ఇప్పుడున్న క్యాపే పూర్తిగా ఖర్చవట్లేదు. వాళ్ల దగ్గర ఉన్నవాళ్లంతా కొత్త కుర్రాళ్లు, జీతాలు తక్కువ. పై హద్దు తలకి తగిలేది పైనున్న మూడు నాలుగు టీమ్‌లకే. అంటే ఈ పది శాతం పేరుకి అందరిదీ, లాభం మాత్రం మాలాంటి టీమ్‌లకి. మా దగ్గర్నుంచి వాళ్లకి రావాల్సిన గోలీ వాళ్లకి రాడు.

ఇంకో సంగతి ఉంది. నాకు ఎక్కువ గుచ్చుకున్నది ఇదే. కిందటి సీజన్‌లో ఒక టీమ్ ఇదే క్యాప్‌కి లోబడి తన కెప్టెన్‌నే ట్రేడ్ చేసింది. ఆ జీఎం రూల్ పాటించాడు. ఆర్నెల్లు తిరక్కముందే మన వంతు వచ్చేసరికి రూల్ మార్చేస్తే, ఆయనకి ఏం సమాధానం చెప్తాం?

అవతలి వాళ్ల మాటలోనూ నిజం ఉంది

పెంచమనే వాళ్లు అత్యాశపరులేం కాదు. వాళ్ల వాదన బలమైనదే. మెంబర్లు ప్రతివారం కష్టపడి ట్రైనింగ్ పాయింట్లు సంపాదిస్తున్నారు. అందరి రేటింగ్‌లూ పెరుగుతున్నాయి. రేటింగ్ పెరిగితే కనీస జీతం పెరుగుతుంది. క్యాప్ మాత్రం అక్కడే ఉంది. అంటే ఎవరూ తగ్గించకుండానే అది ప్రతి సీజన్ చిన్నదవుతోంది. బాగా పని చేసిన టీమ్‌కే శిక్ష పడుతోంది.

కరోనా తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌కీ ఈ బాధ తెలుసు. 2019-20 నుంచి మూడు సీజన్లు క్యాప్ 81.5 మిలియన్ల దగ్గరే గడ్డకట్టింది. ఆ టైమ్‌లో రూల్‌లో సందు వెతికిన వాళ్లూ ఉన్నారు. 2021లో టాంపా బే స్టార్ నికితా కుచెరోవ్ గాయంతో రెగ్యులర్ సీజన్ మొత్తం బయటే ఉన్నాడు. క్యాప్ లెక్క వర్తించని ప్లేఆఫ్స్‌కి తిరిగొచ్చాడు, టీమ్ కప్పు గెలిచింది. సంబరాల్లో "క్యాప్ కంటే 18 మిలియన్లు ఎక్కువ" అనే అర్థం వచ్చే టీషర్ట్ కూడా వేసుకున్నాడు. రూల్ ప్రకారం తప్పు లేదు. ఆ సందు మూయడానికి 2025-26 వరకు పట్టింది.

కాబట్టి క్యాప్ ఎప్పటికీ కదలకూడదు అని నేననట్లేదు. అది ఎవరికో ఇబ్బంది అయినప్పుడు ఓటుతో కదలకూడదు అంటున్నాను. నేను పెట్టిన ప్రతిపాదన చిన్నది. సీజన్ చివర లీగ్‌లో మొత్తం రేటింగ్‌లు ఎంత శాతం పెరిగాయో లెక్కేద్దాం. నాలుగు శాతం పెరిగితే క్యాప్ కూడా నాలుగు శాతమే పెరగాలి. అదీ వెంటనే కాదు, ఒక సీజన్ ముందుగా చెప్పి, ఆ తర్వాతి సీజన్ నుంచి. అప్పుడు అందరూ అదే నంబర్ చూసుకుని కాంట్రాక్టులు రాసుకుంటారు. ఎవరికీ అనుకోని లాటరీ తగలదు.

దీని వల్ల మా టీమ్‌కి ఈసారి వచ్చే లాభం ఏమీ లేదు. మేం 106 దగ్గరే ఉన్నాం, క్యాప్ 100 దగ్గరే ఉంటుంది.

మా చాట్ రూమ్‌లో ఈ మాట చెప్పగానే ఒకడు సూటిగా అడిగాడు: "నువ్వు మా జీఎంవా, వాళ్ల జీఎంవా?"

న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఇది. ఇలాంటి లీగ్‌లు డబ్బుల్లేక మూతపడవు, జనాల్లేక మూతపడతాయి. ఈ నెలలో చేరిన కొత్త కుర్రాడు అడుగున ఉన్న టీమ్‌కి వెళ్తాడు. రోజూ పొద్దున లేచి 7-1, 6-0 అని చూసుకుంటూ ఎన్నాళ్లు ఉంటాడు? నెలకి మించి ఉండడు. అలా పదిమంది వెళ్లిపోతే మేం ఎవరి మీద గెలవాలి? మా టీమ్ బాగుండాలంటే మాకు ఎదురు నిలబడే టీమ్ ఒకటి ఉండాలి కదా.

పైగా వదులుకోవడం అంటే అంతా అయిపోయినట్టు కాదు. 2010లో షికాగో బ్లాక్‌హాక్స్ 49 ఏళ్ల తర్వాత స్టాన్లీ కప్ గెలిచింది. అదే వేసవిలో క్యాప్ దెబ్బకి బఫ్లిన్, లాడ్, వెర్‌స్టీగ్ లాంటి వాళ్లని ట్రేడ్ చెయ్యాల్సి వచ్చింది. కప్పు గెలిపించిన గోలీ ఆంటీ నియెమికి ఆర్బిట్రేషన్‌లో వచ్చిన 2.75 మిలియన్లు కూడా ఇవ్వలేక వదిలేసింది. నియెమి కూడా ఫిన్లాండ్ వాడే. అదే టీమ్ 2013లో, 2015లో మళ్లీ కప్పు కొట్టింది. నియెమి శాన్ హోసేకి వెళ్లి అక్కడ మెయిన్ గోలీ అయ్యాడు.

మొన్న రాత్రి పెంపుకి వ్యతిరేకంగా ఓటేశాను. ఫలితం ఆదివారం వస్తుంది. ఎటు తేలుతుందో చెప్పలేను, ఓట్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఓటెయ్యకముందే గోలీకి నేరుగా మెసేజ్ పెట్టాను. నా ఓటు ఇది, కారణాలు ఇవి, పెంపు ఓడిపోతే నిన్ను ట్రేడ్ చెయ్యాల్సి వస్తుంది అని.

సగం రోజు సమాధానం లేదు. బస్సు షిఫ్ట్‌లో ఉన్నాడో, కోపంలో ఉన్నాడో తెలీదు. సాయంత్రం ఒక ప్రశ్న వచ్చింది: "ఏ టీమ్‌లో కుర్ర డిఫెన్స్‌మెన్ ఎక్కువ ఉన్నారు? పంపితే అక్కడికి పంపు. వాళ్లకి గోలీ అవసరం ఎక్కువ." అడుగు నుంచి రెండో స్థానంలో ఉన్న టీమ్ పేరు చెప్పాను. ఆ జీఎంతో ఇప్పుడు మాట్లాడుతున్నాను, బదులుగా ఒక డ్రాఫ్ట్ పిక్ అడుగుతున్నాను.

టీమ్ చాట్ రూమ్ మారినా ఫోన్‌లో మా ఇద్దరి చాట్ ఎక్కడికీ పోదు. దానికి క్యాప్ లేదు. నాన్న సాయంత్రం నడకకి వెళ్తున్నారా అని నిన్న కూడా అడిగాడు.