పాత వంతెనపై కొత్త నడక

విజయవాడ వైపు నుంచి వచ్చే రైలు కొవ్వూరు దాటిందంటే చాలు... కిటికీల దగ్గర సందడే సందడి! పెద్దవాళ్లు చిల్లర తీసి గోదారమ్మకు వేసి దణ్ణం పెట్టుకుంటారు. పిల్లలేమో పక్కనే ఉన్న మరో వంతెనను వింతగా చూస్తారు. రైళ్లు తిరగని రైలు వంతెన అది. పేరు హేవ్‌లాక్ వంతెన.

1897లో పనులు మొదలై, 1900లో దీనిమీద రాకపోకలు ప్రారంభమయ్యాయి. అప్పటి మద్రాసు గవర్నరు పేరే పెట్టారు. 56 ఖానాలు, రెండున్నర కిలోమీటర్లకు పైగా పొడవు. మద్రాసు - హౌరా ప్రయాణానికి దాదాపు వందేళ్లు ఆసరాగా నిలిచింది. పక్కన ఆర్చి వంతెన రావడంతో 1997లో విశ్రాంతి తీసుకుంది.

దీన్ని జనం నడిచే దారిగా మార్చాలన్న ఆలోచన ఏళ్ల తరబడి నలిగింది. చివరికి 2025 జూన్ 26న 'అఖండ గోదావరి' ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. అంచనా 94.44 కోట్ల రూపాయలు. వంతెనతోపాటు పుష్కర ఘాట్‌నూ తీర్చిదిద్దాలన్నది ప్రణాళిక.

వినడానికి బాగుంది. అయితే ఇది ఒక్క రైలు పట్టాలకు సరిపడా కట్టిన సన్నని వంతెన. ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లి రావాలంటే అయిదు కిలోమీటర్లు దాటుతుంది. రాజమండ్రి ఎండ సంగతి తెలిసిందే! నీడ, మంచినీళ్లు, నడుమ కూర్చునే చోటు లేకపోతే ముసలివాళ్లు, పసివాళ్లు ఎలా నడుస్తారు? ఒకేసారి ఎంతమందిని వదలాలో కూడా ముందే తేల్చుకోవాలి. 2015 జులై 14న, పుష్కరాల తొలిరోజున ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతిక మందికి పైగా ప్రాణాలు పోయాయి. మళ్లీ పుష్కరాలు 2027లో. లోపలికి ఒక దారి, బయటకు మరో దారి ఉండటం అలంకారం కాదు, ప్రాణావసరం.

ఇంకో మాట. రేవులో పడవ నడిపేవాళ్లు, పూలూ పసుపుకుంకుమలూ అమ్ముకునేవాళ్లు ఈ తీరాన్నే నమ్ముకున్నారు. కొత్త హంగుల్లో వాళ్లకూ చోటుండాలి. ఊరి మురుగునీరు నదిలో కలుస్తుంటే ఎన్ని దీపాలు పెట్టినా ఏం లాభం? వంతెన ఎక్కినవాళ్లు చూడాల్సింది రంగు దీపాలను కాదు, నిండుగా, శుభ్రంగా పారే గోదావరిని.

ఎలా వెళ్లాలి?
గోదావరి స్టేషన్లో దిగితే పుష్కర ఘాట్‌కు నడిచే వెళ్లొచ్చు. సాయంత్రం పూట వెళితే వంతెనల వెనక సూర్యాస్తమయం కనువిందు చేస్తుంది. వీలుంటే ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం కూడా చూసి రండి.