మెటల్ డిటెక్టర్ మొరాయిస్తే ముందు కేబుల్ చూడండి

మెటల్ డిటెక్టర్ ఊరికే కూస్తోందంటే చాలామంది నేరుగా బోర్డు విప్పేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. నేను చూసిన వాటిలో బోర్డు బాగానే ఉండి, బయట తీగ తెగినవే ఎక్కువ.

ముందు దాన్ని ఆరుబయటికి తీసుకెళ్లండి. శ్లాబులోని ఇనుప చువ్వలు, ఎల్ఈడీ బల్బు, ఇండక్షన్ పొయ్యి, జేబులో ఫోను, అన్నీ దాన్ని అరిపించేవే. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో తూటా కోసం గ్రాహంబెల్ ఇలాంటి పరికరంతోనే వెతికితే, పరుపు కింది ఉక్కు తీగలు ఆయన్నీ తికమకపెట్టాయి.

బయటా అదే గోలైతే బ్యాటరీ చూడండి. వోల్టేజీని సెట్ ఆన్‌లో ఉండగానే కొలవాలి. ఊరికే ఉన్నప్పుడు 9 వోల్టులు చూపించే బ్యాటరీ లోడు పడగానే జారిపోవచ్చు. స్ప్రింగులకు చిలుము పడితే శుభ్రంగా తుడవండి.

ఇక కేబుల్. అది కాయిల్‌లోకి దిగే చోటా, ప్లగ్గు మెడ దగ్గరా మాటిమాటికీ వంగి లోపల తెగుతుంది. పైన తొడుగు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతుంటుంది! ప్లగ్గు ఊడదీసి, మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెట్టి, తీగను అంగుళం అంగుళం వంచుతూ రండి. బీప్ ఆగి ఆగి వచ్చిందా, అక్కడే దొరికింది దొంగ.

కాయిల్‌ను మాత్రం పగలగొట్టకండి. లోపలి రెండు చుట్లనూ ఒకదాని ప్రభావం ఇంకోదానిపై పడకుండా సరిచేసి అతికిస్తారు. కొంచెం కదిలినా ఆ బ్యాలెన్స్ పోతుంది, ఇంట్లో మళ్లీ కుదర్చడం చాలా కష్టం.