జానెడు సంచి

'ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు' అని మన పెద్దలు ఊరికే అనలేదు. అవసరం నెత్తిమీదకు వచ్చాక సామాను వెదుక్కునేవాళ్లను చూసి అన్నమాట అది. మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని అడిగినప్పుడు చాలా ఆలోచించాను. చదువు గురించి, క్రమశిక్షణ గురించి నా తోటి పూర్వ విద్యార్థినులు ఎలాగూ రాస్తారు. నేను మాత్రం నా చేతిసంచిలో ఎప్పుడూ ఉండే ఒక చిన్న సంచి గురించి రాస్తున్నాను. దాని పొడవు జానెడు, వెడల్పు నా అరచేయంత. బరువు పావుకిలో కూడా తూగదు. పాతికేళ్లుగా అది లేకుండా నేను గడప దాటలేదు.

ఈ అలవాటు నాకు మా అమ్మ దగ్గర నుంచి వచ్చింది. అమ్మ పల్నాడులో పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి కూలికి వెళ్లేది. ఆమె మంగళసూత్రం తాడుకు ఎప్పుడూ మూడు నాలుగు పిన్నీసులు ఉండేవి. కాలిలో తుమ్మముల్లు దిగితే పిన్నీసు, రవిక చిరిగితే పిన్నీసు, లంగాలోకి బొందు ఎక్కించాలన్నా పిన్నీసే. రొంటిన దోపుకునే గుడ్డసంచిలో ఆకు, వక్క, సున్నపు డబ్బా, నాలుగు చిల్లర డబ్బులు, కొన్ని గుడ్డపేలికలు, వేలెడంత సీసాలో కొబ్బరినూనె ఉండేవి. పత్తికాయ ఎండిన తొడుగు వేళ్లను గీరేస్తుంది. అందుకు ఆ పేలికలు. మిరపకోతల్లో చేతులు మండితే ఆ నూనె. "మిరప మంట నీళ్లకు లొంగదు, నూనెకే లొంగుతుంది" అనేది అమ్మ. మిరపలో కారానికి కారణమైన కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదనీ, నూనెలో కరుగుతుందనీ నేను పై చదువుల్లో తెలుసుకున్నాను. అందుకే ముందు నూనె రాసి, ఆ తరువాత సబ్బుతో కడుక్కోవాలి. కంట్లో పడితే మాత్రం నూనె కూడదు, మంచినీళ్లతో చాలాసేపు కడగాలి. బడి మొహం చూడని మా అమ్మకు ఆ మొదటి సంగతి నాకంటే ముందే తెలుసు.

అమ్మకంటే ముందు మా తాతకూ ఇలాంటిదొకటి ఉండేది. ఆయన మొలతాడుకు తాళంచెవితో పాటు ముల్లు తీసే శ్రావణం వేలాడేది. ఇంగ్లండు సైనికులకు కూడా సూదీ దారం, బొత్తాములు పెట్టిన చిన్న గుడ్డపొట్లం ఇచ్చేవాళ్లట. ఇప్పుడు పట్నాల్లో దీన్ని సరదాగా చేసేవాళ్లు ఉన్నారు. వేలకు వేలు పోసి రకరకాల చాకులూ టార్చీలూ కొంటారు. మన దగ్గర ఇది సరదా కోసం పుట్టలేదు. ఆసుపత్రి దూరంగా, బస్సు ఆలస్యంగా, చేతిలో డబ్బు తక్కువగా ఉండే చోట ఇది పుట్టింది.

నేను ఆరో తరగతిలో, 1997లో, హాస్టల్లో చేరాను. అందరికీ ఒకేలాంటి ట్రంకు పెట్టెలు. తాళంచెవి మెడలో తాడుకు. పగలైతే పెట్టెలో ఏది కావాలన్నా తీసుకోవచ్చు. రాత్రి కరెంటు పోతే ఎవరి పెట్టె ఏదో కూడా తెలిసేది కాదు. నా మొదటి సంచి నిజానికి సంచి కాదు, జామెట్రీ బాక్సు. అందులోని విభాగినితో లెక్కలకంటే ముళ్లు తీయడమే ఎక్కువ జరిగింది. సాయంత్రం ఆటలయ్యాక నా చుట్టూ అరికాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లు. తరువాత మా తరగతి అమ్మాయి వాళ్లమ్మ పాత గొడుగు గుడ్డతో నాకొక సంచి కుట్టి ఇచ్చింది. వానకు తడవదు, బరువుండదు. లోపల మూడు అరలు, పైన జిప్పు. అందులో పెన్‌టార్చి, సూదీ దారం, పిన్నీసులు, పెన్సిలు ముక్క, మడిచిన కాగితం, రూపాయి బిళ్లలు పెట్టుకున్నాను. స్నేహితురాళ్లు "డాక్టరమ్మ మూట" అని ఆటపట్టించేవాళ్లు.

2001 వానాకాలంలో ఒక రాత్రి కరెంటు లేదు. మేమంతా నేలమీద వరసగా చాపలు పరచుకుని పడుకున్నాం. రెండు గంటలప్పుడు గోడవారన పడుకున్న ఆరో తరగతి పాప కడుపునొప్పి అని ఏడ్చింది. సాయంత్రం తిన్నది పడలేదేమో అనుకుని మంచినీళ్లు ఇచ్చారు. కాసేపటికి ఏడుపు ఆగింది. మాట మాత్రం ముద్దగా వస్తోంది. నేను టార్చి వేసి చూశాను. పాప కళ్లు తెరవాలని చూస్తోంది, రెప్పలు లేవడం లేదు. వరండాలో పడుకున్న ఆయమ్మ వచ్చి ఆ వెలుగులో ఒక్కసారి చూసింది. "ఇది నిద్ర కాదే తల్లీ, పురుగు ముట్టింది" అంది. కట్లపాము కాటు అలాగే ఉంటుంది. నేలమీద నిద్రపోయేవాళ్లను రాత్రిపూట కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా కనిపించవు. కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దవడం, ఆ తరువాత ఊపిరికే కష్టం.

అప్పటికి 108 లేదు. అది 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై తరువాత రాష్ట్రమంతా వచ్చింది. మా దగ్గర ఉన్నది రోడ్డు మీద బడ్డీకొట్టులో కాయిన్ బాక్సు ఫోను. కొట్టతన్ని లేపాం. నా కాగితం మీద పక్క ఊరి ఆటో అబ్బాయి ఇంటి నంబరు ఉంది, సంచిలో రూపాయి బిళ్లలు ఉన్నాయి. ఆటో వచ్చేలోగా పాప కాలి పట్టీలు తీసేసి, కదలకుండా పడుకోబెట్టింది ఆయమ్మ. నేను అదే కాగితం మీద 'రెండు గంటలు - కడుపునొప్పి, మూడు - మాట ముద్ద' అని రాశాను. ఆసుపత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న "ఎన్నింటికి మొదలైంది?" అనే. ఆయమ్మ ఆ కాగితం ఆయన చేతిలో పెట్టింది. తొమ్మిది రోజుల తరువాత పాప హాస్టల్‌కు తిరిగొచ్చింది. ఈరోజు ఆమె ఇద్దరు బిడ్డల తల్లి.

హాస్టల్లో ప్రథమ చికిత్స పెట్టె లేకపోలేదు. అది ఆఫీసు గదిలో ఉండేది, రాత్రిపూట ఆ గదికి తాళం. తాళం తీసినా అందులోని దూది, టించరు ఆ రాత్రి ఎందుకూ పనికొచ్చేవి కావు. పాపను బతికించింది ఆసుపత్రిలోని విషం విరుగుడు మందు. వెలుగు, నంబరు, బిళ్ల, రాసిపెట్టిన టైము ఆమెను ఆ మందు దాకా చేర్చాయి. టార్చి తప్ప మిగతావన్నీ కలిపి అయిదు రూపాయలు కావు. సంచిని మనం వైద్యం చేయడానికి కట్టుకోవడం లేదు, సాయం అందేదాకా నిలబడడానికి కట్టుకుంటున్నాం. నేను నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. ఇది గుర్తుంటే ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో తేలికగా తెలుస్తుంది.

ముందు పెట్టకూడనివి చెబుతాను. మా చిన్నప్పుడు పాముకాటుకు తాడు బిగించి కట్టాలనీ, బ్లేడుతో కోయాలనీ చెప్పేవాళ్లు. చాలామంది ఆ రెండూ దగ్గర పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు డాక్టర్లు రెండూ వద్దంటున్నారు. బిగించి కడితే కాలు చెడుతుంది, కోస్తే రక్తం ఆగక ప్రాణం మీదకు వస్తుంది. నోటితో పీల్చడమూ పనికిరాదు. కాటుపడ్డ కాలికో చేతికో స్కేలు ఆన్చి, ఓణీతో వదులుగా కట్టి, కదలనివ్వకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర - ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. కాబట్టి పామును వెదికి చంపుతూ పొద్దుపుచ్చవద్దు. పేరు తెలియని విడి మాత్రలు కూడా సంచిలో ఉండకూడదు. అట్ట కత్తిరించినా పేరు, గడువు తేదీ ఉన్న ముక్క మిగిలేలా కత్తిరించుకోండి.

ఇప్పుడు నేను ప్రాథమిక పాఠశాలలో టీచరును. నా సంచి మారింది కానీ అరలు మూడే.

మొదటి అరలో చీకట్లో కావలసినవి: చిన్న టార్చి, ఈల. ఫోనులో టార్చి ఉంది కదా అంటారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా ఊళ్లో కరెంటు పోయింది. రెండో రోజుకు ఫోన్లన్నీ చచ్చిపోయాయి. చేలల్లో మిరప, పత్తి నీళ్లలో ఉన్నాయి. ఒక్క టార్చి మా వీధిలో నాలుగిళ్లకు వెలుగైంది. వెనుక దాచిన కాగితం మీద నంబర్లు ఇప్పటికీ చేత్తోనే రాసి ఉంచుతాను: 108, 112, పిల్లల కోసం 1098, మహిళల కోసం 181, ఊళ్లో బండి ఉన్న ఇద్దరివి, అమ్మది. ఫోను చచ్చిపోతే అందులోని నంబర్లూ దానితోపాటే పోతాయి. కాగితం పక్కన పెన్సిలు ముక్క, రెండు వంద నోట్లు. పెన్సిలు ఎందుకంటే తడిసినా చెదరదు.

రెండో అరలో ఒంటికి కావలసినవి: అంటించే పట్టీలు నాలుగు, శుభ్రమైన గాజుగుడ్డ చుట్ట, సబ్బు ముక్క, ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు, వేలెడంత సీసాలో అమ్మ నూనె. మన ప్రాంతపు ఎండ మీకు చెప్పక్కర్లేదు, రెంటచింతల పేరు ఎండాకాలం వార్తల్లో రాని ఏడాది లేదు. 2015 మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా విజృంభించినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లతోనే ఎందరినో కాపాడారు. ఆ పొట్లమే ఇది. మొత్తం పొట్లం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసు నీళ్లలో కలిపితే కీడు. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్లకు తలగొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు.

సబ్బు ముక్కను తక్కువగా చూడకండి. పత్తి చేలో మందు ఒంటిమీద పడితే వెంటనే బట్టలు విప్పి సబ్బుతో కడగాలి. ఆసుపత్రికి పోయేటప్పుడు మందు డబ్బా కూడా తీసుకుపోవాలి. డబ్బా మీద రంగు గుర్తు చూడండి. ఎరుపు అన్నింటికంటే విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మా బడిలో నాలుగో తరగతి పిల్లలకు ఈ నాలుగు రంగులూ వరసగా చెప్పిస్తాను. వాళ్లు ఇంటికి వెళ్లి నాన్నలకు చెబుతారు.

మూడో అరలో పనిముట్లు: అట్టముక్కకు చుట్టిన దారం, సూది, అయిదు పిన్నీసులు, మొన లేని చిన్న కత్తెర, శ్రావణం, రెండు రబ్బరుబ్యాండ్లు. చెల్లెళ్లకు ఇంకొక మాట. కాగితంలో చుట్టిన ఒక నాప్‌కిన్ కూడా ఇక్కడే ఉంటుంది. మా రోజుల్లో ఈ మాట సంచికలో రాయడానికే సిగ్గుపడేవాళ్లం. దానికోసం పరీక్ష మధ్యలో ఏడ్చిన అమ్మాయిలను చూశాను కాబట్టి రాస్తున్నాను. అది ఎక్కువగా మనకంటే పక్కవాళ్లకే పనికొస్తుంది.

ఈ అరల పద్ధతి అందం కోసం పెట్టుకున్నది కాదు. ఏ వస్తువు ఎక్కడుందో చేతికి తెలియాలి. నెలకొకసారి, ఒకటో తారీకున, కళ్లు మూసుకుని సంచి విప్పుతాను. టార్చి, కాగితం, గాజుగుడ్డ ఒక్కొక్కటే తీస్తాను. ఏదైనా వెంటనే చేతికి అందకపోతే దాని చోటు మార్చాలన్నమాట. అదేరోజు టార్చి వెలుగుతుందో లేదో, పొట్లాల గడువు తేదీ ఏమిటో చూస్తాను. వాడేసిన వస్తువును ఆ సాయంత్రంలోగా తిరిగి పెడతాను. సంచి నిండిపోయి కొత్తది పట్టకపోతే పెద్ద సంచి కొనను. ఆరు నెలలుగా ముట్టుకోనిది ఏదో చూసి, అత్యవసరానిది కాకపోతే తీసేస్తాను.

మనం పెట్టెలకొద్దీ సామాను ఉన్న ఇళ్లనుంచి రాలేదు. కొద్ది వస్తువులతో, అవి ఎక్కడున్నాయో తెలుసుకుని బతికినవాళ్ల పిల్లలం. మా అమ్మ రొంటి సంచిలో అనవసరమైన వస్తువు ఒక్కటి లేదు. ఆ తెలివి మనకు తరతరాలుగా వస్తున్నదే. దానికి కాస్త చదువు తోడు చేసుకుంటే చాలు.

కాబట్టి చెల్లెళ్లారా, వచ్చే ఆదివారం ఒక పాత గొడుగు వెదకండి. గుడ్డ కోసి, మూడు అరలు కుట్టుకోండి. గదికొకటైనా ఉండాలి. కాగితం మీద నంబర్లు ముందు రాయండి, మిగతావి ఒక్కొక్కటే చేరతాయి. దానిని తాళం వేసిన పెట్టెలో పెట్టవద్దు, తలగడ పక్కన పెట్టుకోండి. కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్లలకు ఆ సంచి ఎక్కడుంటుందో మొదటి రోజే చూపించండి. నేలమీద పడుకునే పిల్లలను గోడవారన పడుకోనివ్వకండి, దోమతెర ఉంటే దాని అంచులు చాప కిందికి దోపండి.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

- ఒక పూర్వ విద్యార్థిని (1997-2002)