చెల్లికి పిన్ని చెప్పిన మాట

పొద్దున యాప్రాల్‌లో పిన్నివాళ్లింటికి వెళ్లేసరికి వీడియో కాల్‌లో చెల్లి. అక్కడ రాత్రి.
"బయటికెళ్తే మనిషి కనబడట్లేదక్కా" అంది నన్ను చూడగానే.

చెల్లీ మరిదీ ఉండేది అమెరికాలో, ఆర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్. వాల్‌మార్ట్ స్థాపించిన శామ్ వాల్టన్ 1950లో కొట్టు పెట్టుకున్న ఊరు, ఇప్పుడు ఆ కంపెనీ హెడ్డాఫీసు అక్కడే. వాల్‌మార్ట్‌లోనో, దానికి పనిచేసే కంపెనీల్లోనో ఉద్యోగాలొచ్చి మనవాళ్లు చాలామందే చేరారు. అయినా ఊరు చిన్నదే. 2020 లెక్కల్లో 54 వేల జనం.

మరిది ఆఫీసుకెళ్తే ఇంట్లో కారుండదు. చెల్లిది మరిది ఉద్యోగం మీద వచ్చిన హెచ్4 వీసా కాబట్టి, అతని గ్రీన్‌కార్డు కాగితాలు ఓ దశ దాటేదాకా తను ఉద్యోగం చేయడానికీ లేదు. ఇక్కడ బ్యాంకులో చేసిన పిల్ల! నాకు అన్నిటికంటే బాధ అదే.

పిన్ని మాత్రం కంగారుపడలేదు. బాబాయ్ ఆర్మీలో ఉన్నన్నాళ్లూ పఠాన్‌కోట్, జోధ్‌పూర్, తేజ్‌పూర్... భాష రాని ఊళ్లలో కాపురం చేసిన మనిషి.
"ముందు పక్కింటి తలుపు కొట్టవే. గిన్నెలో ఏదో ఒకటి పట్టుకెళ్లు. డ్రైవింగ్ ఈ నెలలోనే నేర్చుకో" అంది.

యాప్రాల్‌లో ఎన్ని ఫౌజీ కుటుంబాలో! మళ్లీ మళ్లీ ఇల్లు సర్దుకుని కొత్త ఊళ్లో నిలదొక్కుకున్న ఆడవాళ్లు. వీసా సంగతి చెప్పేవాళ్లు బోలెడుమంది, కొత్త ఊళ్లో కుదురుకునే సంగతి మాత్రం వీళ్లనే అడగాలి.

చిన్న ఊళ్లకి కాపురానికెళ్లినవాళ్లూ, మీకు అక్కడ మొదట దగ్గరైన మనిషెవరు? రాయండి, చెల్లికి చూపిస్తాను.