కొన్న డిస్క్ మనది కాదా?

సెకండ్ హ్యాండ్ గేమ్‌ల మీద ఆంక్షల మాటెత్తితే నాకు 2013 జూన్ గుర్తొస్తుంది. ఎక్స్‌బాక్స్ వన్ గేమ్ కన్సోల్ ఇంకా షాపుల్లోకి రాకముందే మైక్రోసాఫ్ట్ షరతులు చెప్పింది. రోజుకోసారైనా నెట్‌కి కనెక్ట్ కావాలి. డిస్క్ స్నేహితుడికి ఇవ్వాలంటే అతను మన ఫ్రెండ్స్ లిస్టులో 30 రోజుల నుంచి ఉండాలి, అదీ ఒక్కసారే. షాపులో అమ్ముకోవాలంటే పబ్లిషర్ ఒప్పుకోవాలి. డబ్బు పెట్టి కొన్న వస్తువుకి ఇన్ని అనుమతులా!

తన కన్సోల్ పీఎస్4కి ఆ బాదరబందీ ఏమీ లేదని సోనీ ఈ3 గేమింగ్ ప్రదర్శన వేదిక మీద చెప్పగానే హాలు చప్పట్లతో మోగిపోయింది. పైగా ధర 100 డాలర్లు తక్కువ. జూన్ 19న మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గక తప్పలేదు.

పాత డిస్క్ చేతులు మారితే మాకు పైసా రాదని పబ్లిషర్ల బాధ. నిజమే. కానీ గేమ్‌స్టాప్ లాంటి షాపులకి కొత్త గేమ్ మీద మిగిలేది కొంచెమే, పాతవాటి మీదే లాభం. ఆడేసిన గేమ్ ఇచ్చేసి, ఆ డబ్బుకి ఇంకొంత కలిపి కొత్తది కొనే కుర్రాళ్లు ఎంతమందో. ఆ దారి మూసేస్తే కొత్తవి మాత్రం ఎవరు కొంటారు?

అప్పుడు పోరాడి ఆపిందే ఇప్పుడు డిస్క్ డ్రైవ్ లేని కన్సోళ్ల రూపంలో చడీచప్పుడు లేకుండా వచ్చేసింది. డౌన్‌లోడ్ చేసుకున్న గేమ్‌ని తిరిగి అమ్ముకోలేం. మన దగ్గర పెద్ద పీఎస్5 గేమ్ దాదాపు 5,000 రూపాయలు. కొనబోయేవాళ్లు కాస్త ఎక్కువైనా డిస్క్ డ్రైవ్ ఉన్నదే తీసుకోండి.