కిటికీ ప్రక్కని చోటు

ప్రయాణసుఖములలో కిటికీ ప్రక్కని చోటును మించినది నాకు నేటివరకు కనబడలేదు. చిన్నతనమున, చెన్నపట్టణమునుండి గూడూరు మీదుగా పోవు బండిలో, మా నాయన చేయి విడిపించుకొని, పెట్టెలోనికి దూకి, కిటికీ కమ్ములకు ముఖ మానించి, కంట బొగ్గునలుసు పడి నీరు కారుచున్నను తల వెనుకకు తీయక, పొన్నేరి చెరువులను, గుమ్మిడిపూండి తాటితోపులను చూచుచు, ఆరంబాకము దాటిన పిమ్మట తూర్పుగాలితో వచ్చు ఉప్పునీటి వాసనను ఎదురుచూచుచు కూర్చున్న ఆ సంతోషము, పిమ్మట నెన్ని దేశములు తిరిగినను నాకు మరల దొరకలేదు. అట్టి చోటును మొన్నటి పుష్యమాసమున నే నొకరికి వదలుకొంటిని.

ఆయన డర్బను నగరమున చిరకాలము ఉపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతి గైకొన్న పెద్దమనిషి. ఐదు తరముల క్రిందట మదరాసు రేవున నాటాలుకు ఓడ నెక్కిన కూలివాని వంశమువాడు. దక్షిణాఫ్రికాలో 1931లో వెలసిన ఆంధ్ర మహాసభవారి తరగతులలో దిద్దిన అక్షరములును, అవ్వ యొడిలో విన్న మాటలును కలిసి ఆయన తెలుగైనది. అందు తప్పులున్నవి, కాని మనము మరచిన మాటలును ఉన్నవి. నన్ను అన్నా యని పిలుచును. నేను తమ్ముడా యందును. తన పూర్వికుని పేరున్న ఓడ పట్టీ నకలొకటి అట్టపెట్టెలో భద్రముగా పెట్టుకొని, ఆ కాగితముపై నున్న యూరును వెదకుటకు ఆయన వచ్చెను. దానిలో జిల్లా చెంగల్పట్టనియు, తాలూకా పొన్నేరి యనియు స్పష్టముగా నున్నవి. ఊరిపేరు మాత్రము, తెలుగు గాని తమిళము గాని చెవికి పట్టని గుమాస్తా యెవడో తనకు తోచిన ఆంగ్లాక్షరములలో గిలికినందున, ఏ వైపునుండి చదివినను ఒక రూపునకు వచ్చుట లేదు.

తెల్లవారుజామున సెంట్రలు ప్రక్కనున్న మూర్ మార్కెట్ స్టేషనులో గుమ్మిడిపూండి లోకలు ఎక్కితిమి. బేసిన్ బ్రిడ్జి, కొరుక్కుపేట, తండయారుపేట గడచి, తిరువొత్తియూరు వచ్చుసరికి పెట్టె నిండినది. పూలబుట్టలవారు, ఫ్యాక్టరీ పనికి పోవు కుర్రవాండ్రు, పడుకొన్న పసిబిడ్డను భుజము మార్చుకొనుచున్న తల్లి: ఇందరి నడుమ, కమ్ములకు చేయి చుట్టి బయటకు చూచుచునే ఆయన తన దేశపు రైలుప్రయాణ మొకటి నాకు చెప్పసాగెను. ఉద్యోగము చాలించిన యేట పిల్లలు నలుగురును చందా వేసికొని తలిదండ్రులను విలాసపు బండి యెక్కించిరట. 1989లో రోహన్ వోస్ అనునాయన పాడుపడిన పాత పెట్టెలను వెదకి తెచ్చి, కొయ్యపని యంతయు మరల చేయించి, ప్రిటోరియానుండి నడపనారంభించిన రోవోస్ రైలు అది. డెబ్బదిఇద్దరికి మించి అతిథులను ఎక్కించుకొనదు. అందు రేడియో లేదు, టెలివిజను లేదు. రాత్రి భోజనమునకు పెండ్లికి పోవువారివలె ముస్తాబై రావలెను. గంటకు అరువది కిలోమీటర్లకు మించని నడక. కడపటి పెట్టెకు గోడ యుండదు. కటకటాలు మాత్రముండును, అచ్చట నిలిచినచో, గడచిపోయిన పట్టాలు రెండును సన్ననై, ఒక్కటై, ఎర్రమట్టిలో కలిసిపోవు వరకు కన్ను పోవును.

విక్టోరియా జలపాతమునకు పోవు బాటలో, హ్వాంగే యభయారణ్యము నొరసికొని, 114 కిలోమీటర్ల దూరము వంపు లేక దారము పట్టినట్లు సాగు పట్టాలున్నవి. సంధ్యవేళ ఆ దారిని ఏనుగుల గుంపు దాటుచుండగా బండి నెమ్మదించినదట. పెద్దయేనుగులు అటునిటు నిలువగా, వాని కాళ్ల సందున పిల్ల యొకటి పట్టాల నడిమి కంకరమీద అడుగు పెట్టుటకు సందేహించుచు, తొండముతో రాతిని తాకి చూచి, తల్లి తోక పట్టుకొని దాటిన వైనమును ఆయన తన చేతినే తొండముగా చేసి చూపుచుండగా, ఎదుటి బల్లపైనున్న పూలమ్మి బుట్ట మరచి నవ్వెను. పిమ్మట జాంబెజీ నదిపై 1905లో కట్టిన వంతెన. జలపాతపు తుంపర ఆ యినుపకమ్ములను తడుపుచుండును. ఆ జలపాతమునకు అచ్చటి వారి పేరు మోసి-ఓ-తున్యా; ఉరుము పొగ యని దాని యర్థము. ఆ మాట చెప్పునప్పటికి మా బండి అత్తిపట్టు చేరినది. తూర్పున విద్యుత్కేంద్రపు గొట్టములు తమ పొగను ఆకసమున నిలిపియున్నవి.

“అన్నా, అన్నిటికంటె నాకు మనసు పట్టినది కేప్‌టౌనుకు పోయే దారిలో” అనెను. వజ్రపు గనుల కింబర్లీకి ఉత్తరమున రైలుపట్టాల ప్రక్కనే కామ్‌ఫర్స్ డ్యామ్ అను నీటిపట్టు కలదు. అందు ఫ్లెమింగోలు వేలకొలది మేయును. చిన్నజాతి పక్షు లధికము, పెద్దజాతివియు కలవు. ప్రయాణికులందరు పళ్లెములు వదలి ఒక్క ప్రక్కకు వచ్చిరట. ఆయన మాత్రము లేవలేకపోయెనట. కారణ మడుగగా, కొంతసేపు ఊరకుండి, “మా పెద్దవాడు పట్టాలు వేసినవాడు అన్నా. నాటాలు రైలుకు కూలి. పట్టాలమీద అంత మెత్తటి కుర్చీలో నేను కూర్చుంటే, చెక్క స్లీపరు ఆయన భుజంమీద ఉన్నట్టు అయింది” అని, మరల కిటికీ వైపు తిరిగెను.

ఆ మాట వినినది మొదలు నా మనస్సు ఆ విలాసపు బండిని విడిచి వేరొక దారిని పోయినది. దక్షిణాఫ్రికాలో మొట్టమొదటి రైలు 1860 జూన్ 26న డర్బనులో అంగడివీధికిని రేవునకును నడుమ రెండు మైళ్ల దూరము నడచినది. ఆ సంవత్సరమే నవంబరు 16న ట్రూరో అను ఓడ మదరాసునుండి 342 మందిని తెచ్చి అదే రేవున దింపినది. మన రాయపురము స్టేషనునుండి 1856లోనే బండి నడచుచున్నందున, ఆ మూడువందల నలువదిఇద్దరిలో ఎవరైనను దానిని చూచియుందురు, ఎక్కినవా రెందరో! 1911 వరకు అట్లు పోయినవారు లక్షా యేబదిరెండువేలకు పైబడిరి. వారిలో మూడింట రెండువంతులు మదరాసు రేవు విడిచినవారే. చెఱకుతోటలకు కొందరు, బొగ్గుగనులకు కొందరు, ఇనుపదారికి కొందరు. వారు వేసిన దారిమీదనే 1893 జూన్ 7వ తేదీ రాత్రి, మొదటి తరగతి చీటి చేత నుండగానే, గాంధీగారిని పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషనులో పెట్టెనుండి త్రోసివేసిరి. ఆ కథ మనకు కంఠస్థమే. కాని ఆ దారి వేసిన చేతులలో మన పొన్నేరి చేతులును కలవని నా కెవరును చదువుకొన్న దినములలో చెప్పలేదు.

పొన్నేరిలో దిగి బస్సెక్కి, వరిచేల నడుమ ముప్పాతిక గంట పోయి, పళవేర్కాడు చేరితిమి. తెలుగువారు ప్రళయకావేరి యనునది ఈ నీటినే. చిల్కా సరస్సు తరువాత భరతఖండమున ఇంతటి ఉప్పుకయ్య మరొకటి లేదు. నీటిలో అధికభాగము ఆంధ్రదేశమునందును, సముద్రమును కలియు ముఖ్యమైన మొగ తమిళదేశమునందును ఉన్నవి. డచ్చివారు పదునేడవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఇచ్చట దిగి, 1613లో గెల్డ్రియా కోట కట్టి, 1690లో నాగపట్టణమునకు మారువరకు కోరమండల తీరమునకెల్ల దీనినే ముఖ్యస్థానముగా చేసికొనిరి. నేడు కోట యున్నచోట తుమ్మపొదలును ఇటుకదిబ్బయు మిగిలినవి. వారి శ్మశానము మాత్రము చెక్కు చెదరక నిలిచియున్నది.

ఆ శ్మశాన ద్వారమున ఇరువైపుల రాతిలో మలచిన రెండు ఎముకలగూళ్లు నిలిచియున్నవి. ప్రక్కటెముకలను వేరువేరుగా, వ్రేళ్ల కణుపులను సయితము లెక్కకు వచ్చునట్లు చెక్కిన శిల్పి మన తీరపువాడే కావలెనని నా నమ్మిక. చూచినకొలది చేతిపని యందు ఆ పరిచయము తోచును. లోపలి పలకలపై ఓడలు, వంశచిహ్నములు, పేళ్లు, పుట్టిన యూరు, చనిపోయిన దినము, అన్నియు నేటికిని చదువవచ్చును. నా మిత్రుడు ఒక పలకయొద్ద మోకరిల్లి అక్షరములను వ్రేలితో తడవుచు, “ఇంత దూరం వచ్చి చచ్చినవాడికి ఊరిపేరు ఎంత బాగా రాసినారు, అన్నా!” అనెను. ఆయన కంఠమున అసూయ లేదు, దుఃఖము కలదు. నాకు బదులు తోచలేదు.

ఏలయన, ఈ కోట వర్తకములో వస్త్రము మాత్రమే కాక మనుష్యులును కలరు. కరవులందు, యుద్ధములందు అమ్ముడుపోయిన వారిని ఈ తీరపు రేవులనుండి బటావియాకును, సింహళమునకును, 1652లో తాము నెలకొల్పిన కేప్ స్థావరమునకును డచ్చివారు ఓడలపై తరలించిరి. కేప్ దస్తావేజులలో వారి సొంతపేళ్లు పోయి, యజమానులు పెట్టిన పేరును, దాని వెనుక వాన్ కోరమండల్, వాన్ బెంగాలె యను తోకయు మిగిలినవి. ఊరుకు మారు తీరము. ఇంటిపేరుకు మారు దేశము. అనగా కూలియోడలకు రెండువందల యేండ్లకు ముందే ఈ మొగకును ఆ దక్షిణపు కొసకును రాకపోక లుండెను. ఓడగర్భమున కిటికీ యుండదు. ఏ తాటిచెట్టు చివర కనుమరుగైనదో, ఏ దీవి మొదట కనబడినదో వారికి తెలియదు. ఇచ్చట చీకటిలోనికి దిగి, నెలలకు మరియొక యెండలోనికి ఎక్కిరి.

టీ అంగడియొద్ద నా మిత్రుడు తన కాగితమును పదుగురికి చూపెను. ఒక ముసలివాడు దానిని కండ్లకు దూరముగా పట్టి, అక్షర మక్షరమునకు పెదవులు కదలించి, ఒక యూరి పేరు చెప్పెను. ప్రక్కనున్నవాడు కాదని మరియొకటి చెప్పెను. తాటాకుబుట్ట అల్లుచున్న సాయబుల ఆడబిడ్డ తల యెత్తి మూడవది చెప్పినది. మూడును ఈ తాలూకాలోనివే. ఆయన మూటినిని తెలుగులో వ్రాసికొనెను.

మధ్యాహ్నము పడవ కట్టించుకొంటిమి. పడవవాడు పట్టపువాడు, ఈ నీటిలో ఏ దినమున ఏ యూరివారు ఏ పట్టున వల కట్టవలెనో చీట్లు వేసి నిర్ణయించుకొను ‘పాడు’ అను పూర్వపు కట్టుబాటు తన తాతలనాటినుండి వచ్చినదని సగము తమిళమున, సగము తెలుగున చెప్పుచు, నీటిలో నాటిన గుంజలను మాకు చూపెను. దూరమున నీటికిని ఆకసమునకును నడుమ పలుచని గులాబిరంగు గీత. దగ్గరకు పోవుకొలది ఆ గీత కాళ్లుగా, మెడలుగా విడిపోయెను. అతడు ఇంజను ఆపి గెడ వేసెను.

“ఇంక ముందుకు పోగూడదు సామీ. ఒకటి లేస్తే అన్నీ లేస్తాయి. మేతమీద వుండేదాన్ని లేపితే పాపం.”

తమిళులు పూనారై యందురు, పూవువంటి కొంగ. మా పత్రికలవారు రాజహంస యని వ్రాయుదురు గాని, ఆ పేరు దీనికి అతకదు. హంస తలయెత్తి సాగును. ఇది తల దించి బ్రదుకును. మోకాలిలోతు నీటిలో నిలిచి, పాదములతో బురదను త్రొక్కుచు గుండ్రముగా తిరిగి, మెడను నిలువున వంచి, ముక్కును తలక్రిందు చేసి నీటిలో ముంచి, నాలుకతో నీటిని లోనికి లాగి వెలికి త్రోయుచు, ముక్కు అంచుల జల్లెడలో చిక్కిన సూక్ష్మజీవులను మ్రింగును. ఆ మేతలోని వర్ణమే ఈకల గులాబి. ఇవి ఆఫ్రికానుండి వచ్చినవి కావు. కచ్ఛ్ రణ్ ప్రాంతమున గూళ్లు కట్టునవి. అయినను ఆ దేశమునందలి పెద్దజాతియు ఇదియు ఒక్కటే. ఒకటి రెక్క విప్పినది. లోపలి భాగము కుంకుమవలె ఎర్రనై, అంచు కాటుకవలె నల్లనై మెరసి, మరల మడతపడినది.

నా మిత్రుడు పడవ అంచు పట్టుకొని చాలసేపు పలుకలేదు. పిమ్మట మెల్లగా, “అవే” అనెను. “కింబర్లీలో లేచి చూడలేదు అన్నా. ఇవి అవే.”

“మీ వూళ్లోనూ వుంటాయా సామీ యీ పిట్టలు?” అని పడవవాడు అడిగెను. ఉండునని ఈయన చెప్పగా అతడు తల యూపి, ఆ కాగితము సంగతి అంగడియొద్ద వినియున్నందున కాబోలు, గెడమీద చేయి ఆనించి, “ఈ పక్క ఊళ్లన్నీ ఇట్టాగే వుంటాయి సామీ. మూడింట్లో ఏదైనా మీదే అనుకోండి. ఎవరు కాదంటారు?” అనెను.

చీకటి పడువేళకు పొన్నేరి చేరితిమి. మరునాడు ఆ మూడూళ్లకును పోవలెనని నిశ్చయించుకొంటిమి. చెన్నపట్టణపు లోకలులో జనము తక్కువ. ఆయన తానే పోయి కిటికీయొద్ద కూర్చుండెను. అనుప్పంబట్టు, మీంజూరు, నందియంబాకము: ప్రతి స్టేషను బోర్డును దీపపు వెలుగులో కూడబలుకుకొని చదివి, ప్రక్కన తీసియుంచిన కాగితమువైపు ఒకసారి చూచి, మరల బయటకు చూచెను. బేసిన్ బ్రిడ్జి వచ్చువరకు కమ్ములపైనుండి చేయి తీయలేదు.